బొమ్మ కిందికి, తెలుపు పైకి

మా టెంట్ హౌసు పనిలో ఒక నియమం ఉంది. నేల తడిగా ఉంటే జంపఖానా కింద పాత ఫ్లెక్సీ పరుస్తాం. పరిచేటప్పుడు బొమ్మ కిందికి ఉండాలి, తెలుపు పైకి ఉండాలి. ఎందుకంటే ఫ్లెక్సీ అన్నాక దాని మీద ఎవరిదో మొహం ఉంటుంది. ఎంత పనికిమాలిన లీడరైనా సరే, మనిషి మొహం మీద కాలు పెట్టకూడదు కదా. ఈ నియమం నేను పెట్టిందే. చేవెళ్లలో ఇరవై ఏళ్లుగా శామియానాలు కడుతున్నాను. నా దగ్గర పనికి వచ్చిన ప్రతివాడికీ మొదటిరోజు ఇదే నేర్పుతాను. మర్యాద అనుకుని నేర్పాను. ఆ మర్యాదే మా చిన్నమ్మ కొంప ముంచింది.

నా పేరు పరమేష్. నాకు కోపం ఎక్కువని ఊరంతా అంటుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా ఆవిడ అరుణజ్యోతి రోజుకు రెండుసార్లు చెబుతుంది. ఈ కథ చెప్పేటప్పుడు మాత్రం నా నోరు మంచిగా ఉంటుందని నేను మాటివ్వలేను. తిట్టాల్సిన వాళ్లు చాలామంది ఉన్నారు. అందరికన్నా ఎక్కువ తిట్టాల్సిన వాడు ఎవడో చివరికి మీకే తెలుస్తుంది.

రెండు వేల ఏడో సంవత్సరం. హైదరాబాద్‌లో అద్దాల మేడలు పుట్టగొడుగుల్లా లేస్తున్న కాలం. ఆదివారం వస్తే మొయినాబాద్ రోడ్డు మీద కార్లు వరసపెట్టి ఆగేవి. నల్లద్దాలు పెట్టుకున్నవాళ్లు దిగి మా చేన్ల వంక చూసి ఎకరం ఎంత అని అడిగేవాళ్లు. చెట్టుచాటున నీళ్లు వదలడానికి ఆగినవాడు కూడా జిప్పు పెట్టుకునేలోపు ధర కనుక్కునేవాడు. మా ఊరు మొయినాబాద్‌కూ చేవెళ్లకూ నడుమ, బీజాపూర్ రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది. దాని మీద ఎవరి కన్నూ పడదనుకున్నాం.

ఎండాకాలంలో నోటీసులొచ్చాయి. ఐటీ పార్కు కడతారట, నూట ఇరవై ఎకరాలు కావాలట. మ్యాపు మీద గీత గీసినవాడెవడో గానీ మంచి పనిమంతుడు. పెద్దోళ్ల ఫామ్‌హౌసులు ఒక్కటి కూడా తగలకుండా వంకలు తిప్పి, సరిగ్గా లావణి పట్టాల భూముల మీదికి తెచ్చాడు. లావణి పట్టా అంటే సర్కారు పేదవాళ్లకు ఇచ్చిన భూమి. దున్నుకోవచ్చు, అమ్ముకోకూడదు. సర్కారుకు అవసరం పడితే ఇచ్చిన చేత్తోనే తీసుకుంటుంది.

నలభై ఒక్క కుటుంబాల భూములు పోతాయన్నారు. అందులో మా చిన్నమ్మ అంతమ్మది ఒకటి. మా అమ్మకు సొంత చెల్లెలు. బాబాయి కుర్మయ్య పోయి పదేళ్లు దాటింది. ఆమెకున్నది ఎకరం ఇరవై గుంటలు. దాంట్లో చామంతి, బంతి పెట్టేది. కోడి కూయకముందే పూలగంప బస్సు మీద వేయించుకుని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి, పొద్దెక్కేసరికి తిరిగొచ్చి కలుపు తీసేది. అరవై ఏళ్లొచ్చినా ఒకరి చేనులో కూలికి పోకుండా నెట్టుకొచ్చిందంటే ఆ ముక్క భూమి వల్లనే. అది పోతే ఆమెకు ఇంకో దారి లేదు. కొడుకు జితేందర్ ఐటీ కంపెనీకి క్యాబ్ తోలుతాడు.

"ఇచ్చెయ్యే అవ్వా. గాడ పార్కు పడితె నాకు డ్యూటీ దగ్గరైతది" అన్నాడు వాడు.

"నీకు డ్యూటీ దగ్గర కావాల్నంటె నా భూమి కావాల్నారా" అంది చిన్నమ్మ. వాడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

దసరా వెళ్లిన మూడోనాడు మా ఊరి స్టేజీ దగ్గర, అంటే బస్సాగే చోట, నిరసన శిబిరం వేశారు. టెంటు నాదే, కిరాయి తీసుకోలేదు. రోజుకు పదిమంది చొప్పున వంతులేసుకుని కూర్చునేవాళ్లు. చిన్నమ్మకు వంతు లేదు. మార్కెట్ నుంచి వచ్చి ఖాళీ గంప పక్కన పెట్టుకుని రోజూ కూర్చునేది. మొదట్లో మైకు చేతికిస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడింది. వారం తిరిగేసరికి ఆమె మాట్లాడుతుంటే బస్సులోని జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి వినేవాళ్లు.

"మేం రాయి ఎయ్యం. బస్సు ఆపం. ఎవ్వల్ని తిట్టం. ఊకె కూసుంటం. మమ్ముల్ని ఎవ్వలన్న అడిగిండ్రా? ఇస్తవా అమ్మా అని ఒక్కసారన్న అడగాలె గద. అడిగితె నేను చెప్త, ఇయ్య అని." రోజూ ఇదే. వేరే ఉపన్యాసం ఆమెకు రాదు, అవసరం కూడా లేదు.

ఆమె పక్కనే మదార్ సాబ్ కూర్చునేవాడు. రెండెకరాల్లో టమాట వేస్తాడు. చిన్నమ్మ కన్నా నాలుగైదేళ్లు పెద్ద. ఈమె ఆయన్ని సాబన్న అనేది, ఆయన చెల్లె అనేవాడు. నమాజు వేళైతే శిబిరంలోనే ఒక మూల జానిమాజు పరుచుకుని చదువుకునేవాడు. ఆ కాసేపు చిన్నమ్మ మైకు కట్టేయించేది. ఎవరూ చెప్పింది కాదు, ఆమెకే తోచింది.

ఇక ఫ్లెక్సీ సంగతి. ఆ ఏడాది వినాయక చవితీ, రంజాను నెలా ఒకే వారంలో పడ్డాయి. బాల్‌రాజ్ అని మాకొక లీడరున్నాడు. భూముల బ్రోకరంటే కోపమొస్తుంది, రియల్ ఎస్టేట్ అనాలి. శిబిరం వేశాక భూములు ఇచ్చేయమని మా వాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగింది వీడే. రెండు పండగలకు రెండు ఫ్లెక్సీలు ఎందుకు దండగ అనుకుని ఒకటే కొట్టించాడు. ఎడమవైపు వినాయకుడు. కుడివైపు మసీదు గుమ్మటం, నెలవంక, వాటి కింద అరబ్బీలో వాళ్ల పవిత్రమైన మాటలు. నడుమ అన్నిటికన్నా పెద్దగా చేతులు జోడించి తాను. పండగలయ్యాక ఆ ఫ్లెక్సీ ఊడదీస్తే మా మనుషులే తెచ్చి గోదాంలో పడేశారు. అట్లాంటివి నా దగ్గర వంద ఉంటాయి. గొడ్ల కొట్టం మీద కప్పడానికీ, గడ్డివాముకూ, స్నానాల గదికి చుట్టడానికీ జనం అడిగి పట్టుకుపోతారు. మా దిక్కు ఏ ఇంటికి పోయినా ఎవరో ఒక దేవుడు ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ కనిపిస్తాడు. అది తప్పని ఎవరికీ తోచదు, ఎవరి మనోభావాలూ దెబ్బతినవు.

శిబిరం పన్నెండో రోజున ముసురు పట్టింది. నేలంతా బురద. చిన్నమ్మకు మోకాళ్ల నొప్పులు, చలికి ముడుచుకుని కూర్చుంది. నాకు చూడబుద్ధి కాలేదు. గోదాంకు పోయి చేతికందిన పెద్ద ఫ్లెక్సీ చుట్ట భుజాన వేసుకొచ్చాను. ఏ ఫ్లెక్సీ అని చూడలేదు. బొమ్మ కిందికి, తెలుపు పైకి, దాని మీద జంపఖానా. ఐదు నిమిషాల పని.

"ఇప్పుడు జర ఎచ్చగున్నది బిడ్డా" అంది చిన్నమ్మ. నాకు ఆ మాటతో కడుపు నిండింది.

ఇరవై ఏడో రోజు, శుక్రవారం, మంచి కబురొచ్చింది. సోమవారం పెద్ద ఆఫీసరు మా ఊరి బడికి వచ్చి, భూములు పోయేవాళ్లను ఒక్కొక్కరినీ పిలిచి అభ్యంతరం అడుగుతాడట. ముందే మేం నలభై ఒక్కమంది చేత అభ్యంతరాలు రాయించి, వేలిముద్రలు వేయించి ఇచ్చి ఉన్నాం. ఇప్పుడు నోటితో చెప్పే రోజు కూడా వచ్చింది. మదార్ సాబ్ ఆనందం పట్టలేక అందరికీ చాయ్ తాగించాడు.

"సారొస్తడు, మన టెంటు కాడికి గుడ వస్తడేమో. గిట్ల మురికిగుంటె ఏమనుకుంటడు" అని చిన్నమ్మ కొంగు నడుముకు చుట్టింది. ఆమెకు శుభ్రం పిచ్చి. జంపఖానా తీయించి ఎండలో దులిపించింది. పక్కచేను బీరమ్మతో కలిసి ఫ్లెక్సీని చెరో కొసా పట్టుకుని తిరగేసింది. కింది వైపంతా బురద అట్టలు కట్టి ఉంది. చిన్నమ్మ బిందెతో నీళ్లు పోసి చేత్తో రుద్దడం మొదలుపెట్టింది.

రుద్దిన చోట తొండం కనిపించింది. ఇంకొంచెం రుద్దింది. ఒక కన్ను కనిపించింది. ఆమె చేయి అక్కడే ఆగిపోయింది.

అవతలి కొసన మదార్ సాబ్ వంగి చూశాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు గానీ ఆ అరబ్బీ అక్షరాలు వచ్చు. మోకాళ్ల మీద కూర్చుని, మెడలోని రుమాలు తీసి, ఒక్కొక్క అక్షరం మీది బురదా తుడిచాడు. బురద పోయాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

"నేను దీని మీదనే నమాజ్ చదివిన చెల్లే. పదిహేను దినాలు" అన్నాడు. లేచి, జానిమాజు మడిచి చంకన పెట్టుకుని, ఎవరి వంకా చూడకుండా ఇంటికి పోయాడు.

"ఎవరు పరిసిండ్రు దీన్ని?" అని అడిగింది చిన్నమ్మ.

"నేనే చిన్నమ్మా. చూడలే."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "నువ్వు పరిసినవ్. కూసున్నది నేను గద" అంది. తడి చేతులు చీరకు తుడుచుకోకుండా అట్లాగే పట్టుకుని నిలబడింది.

ఇదంతా జరుగుతుంటే లోకల్ కేబుల్ చానల్ ప్రేమదాసు కెమెరా పట్టుకుని అక్కడే ఉన్నాడు. ఆఫీసరు వస్తున్నాడంటే శిబిరం ఏర్పాట్లు వీడియో తీసుకుందామని వచ్చాడు. చెడ్డవాడు కాదు. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు కూడా.

"అన్నా, గిది ఎయ్యాల్నా వద్దా?"

వద్దురా అంటే సరిపోయేది. ఒక్క మాట. నాకు అప్పటికే ఒళ్లు మండిపోతోంది. "నీ ఇష్టం రా. నెల దినాల సంది మా గోస నీ కెమెరాకు కనవడలే. ఇది కనవడ్డది. ఏసుకో పో" అన్నాను. వాడు మొహం చిన్నబుచ్చుకుని పోయాడు. నెలరోజుల్లో ఒక్కసారి కూడా టీవీలో రాని మా శిబిరం ఆ సాయంత్రం పావుగంట వచ్చింది.

శనివారం పొద్దున చేవెళ్ల వైపు నుంచి ఒక గుంపు వచ్చింది. మొయినాబాద్ వైపు నుంచి ఇంకో గుంపు వచ్చింది. రెండేళ్ల కింద ఊరేగింపులో మైకు గురించి తలలు పగలగొట్టుకున్నది ఈ రెండు గుంపులే. ఎవరి జెండాలు వాళ్లవి, ఎవరి నినాదాలు వాళ్లవి, కానీ ఆ రోజు అందరూ కలిసి మా మీదికే. ఎండలో ఒకరి నీళ్ల ప్యాకెట్లు ఇంకొకరు తాగారు. పీస్ కమిటీలు ఏళ్ల తరబడి చేయలేని పని నా ఫ్లెక్సీ ఒక్కరోజులో చేసింది. వాళ్లకు బాధ కలగలేదని నేననను. బాధపడే హక్కు ఎవరికైనా ఉంటుంది. కానీ ఆ బురద చేత్తో కడిగిన ఇద్దరి బాధ ముందు వాళ్ల బాధ ఎంత అని మాత్రం అడుగుతాను. అక్కడ నిలబడి అడిగాను కూడా. ఎవరూ వినలేదు.

కాసేపటికి బాల్‌రాజ్ జీపు దిగాడు. మైకు అందుకున్నాడు, అది కూడా నా మైకే. "నా మొకం మీద కూసున్నరు, నాకు బాధ లేదు. గని దేవుని జోలికొస్తె ఊకునే ముచ్చటే లేదు" అన్నాడు.

"పరిసినోన్ని నేను. నన్ను అడుగు" అని ముందుకు పోయాను. "గని దేవుని కన్న పెద్దగ నీ మొకం కొట్టించుకున్నవే, గప్పుడు ఏ దేవుని జోలికి పోయినవ్?" మాట పూర్తికాకముందే వెనక నుంచి చెంప మీద ఒకటి పడింది. ఇంకొకటి పడింది. ఎవరు కొట్టారో ఇప్పటికీ తెలియదు. ఏ గుంపువాడైతేనేం.

పోలీసాయన వచ్చి నన్ను పక్కకు లాగాడు. "శిబిరం తీసెయ్యండ్రి. లా అండ్ ఆర్డర్ ప్రాబ్లం అయితున్నది" అన్నాడు.

"సార్, లొల్లి చేస్తున్నది వాళ్లు. మేం ఊకె కూసున్నం."

"మీరు కూసున్నందుకే గద ఈ లొల్లి" అన్నాడు ఆయన. అందులో ఆయనకు తప్పేమీ కనిపించలేదు. నెలరోజులు ఈగను కూడా తోలకుండా కూర్చున్నవాళ్ల వల్ల ఊరికి ప్రమాదమట.

అప్పుడు చిన్నమ్మ టెంటు కింద నుంచి లేచి వచ్చింది. ఎవరూ ఆమెను పిలవలేదు, ఆమె పేరు కూడా ఆ గుంపుల్లో ఎవరికీ తెలియదు. ఒక గుంపు వైపు తిరిగి కొంగు పరిచి, రెండు చేతులతో లెంపలేసుకుంది. తర్వాత రెండో గుంపు వైపు తిరిగి మళ్లీ వేసుకుంది. గట్టిగా వేసుకుంది, చప్పుడు వినిపించింది. నినాదాలు ఆగిపోయాయి. ఏదో కంపెనీ సెక్యూరిటీ చొక్కా తొడుక్కున్న మనిషొకడు చేతిలోని జెండా కిందికి దించి, "నువ్వొద్దు పెద్దమ్మా, నువ్వెందుకు, లోపలికి పో" అన్నాడు. ఆమె ఆగలేదు. బీరమ్మ వచ్చి చేతులు పట్టుకుంటే గానీ ఆగలేదు.

టెంటు నేనే విప్పాను. కట్టినప్పుడు గంట పట్టింది, విప్పడానికి పావుగంట చాలు. ఫ్లెక్సీని రెండు గుంపుల పెద్దలే పద్ధతిగా మడిచి తీసుకుపోయారు.

ఆదివారం పొద్దుగూకేముందు చిన్నమ్మ ఇంటికి పోయాను. తలకు పోసుకుని, తడి జుట్టుతో గడప బయట కూర్చుని ఉంది. శుక్రవారం నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదని బీరమ్మ చెప్పింది. మార్కెట్‌కు కూడా పోలేదు. కార్తీకమాసం, చామంతికి మంచి గిరాకీ ఉండే రోజులు. పూలన్నీ మొక్కల మీదే ఉన్నాయి.

"మదార్ సాబ్ కాడికి పోయొచ్చినవా?" అని అడిగింది.

"పోయిన. తలుపు తియ్యలే."

"తియ్యడు. ఏం మొకంతోని తీస్తడు."

నాకు చిర్రెత్తింది. "చిన్నమ్మా, నువ్వు చూసి కూసున్నవా? పరిసింది నేను. పాపం అంటూ ఉంటె నాకు తగలాలె. దేవునికి గంత గుడ తెల్వదా?" అన్నాను.

"తెలుసు. అందుకే నన్ను బతకనిచ్చిండు" అంది. గొంతులో ఏడుపు లేదు, అందుకే నాకు భయం వేసింది. "నేను దినాం ఏమన్న రా మైకుల? నా భూమి, నా భూమి అని మొత్తుకున్న. నేను మొత్తుకున్నన్ని దినాలు ఆయన మొకం బురదల పెట్టి, పైన నేను కూసున్న. ఆయన ఇన్నడు. అన్నీ ఇన్నడు. ఇగ అది నా భూమి ఎట్లయితదిరా?"

ఉపాసం ఉన్న మనిషి మాటలు, అన్నం తింటే సర్దుకుంటుందనుకున్నాను. నాకు దేవుడంటే భయం తక్కువ. భయం ఉన్నవాళ్ల లోపల ఏం జరుగుతుందో నాకెట్లా తెలుస్తుంది.

సోమవారం పది గంటలకు బడికి ఆఫీసరు వచ్చాడు. చిన్న వయసువాడు, మెత్తగా మాట్లాడాడు. నాలుగో తరగతి గదిలో బల్ల వేసుకుని కూర్చున్నాడు. పక్కన ఒక గుమాస్తా, ముందర మా నలభై ఒక్క కాగితాల కట్ట. శనివారం గొడవకు బెదిరి జనం లోపలికి రావడం లేదు. ముప్ఫైమంది దాకా గేటు బయట నిలబడి ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. మదార్ సాబ్ అసలు రానేలేదు. చిన్నమ్మా రాలేదు.

నేను గుమాస్తా దగ్గరికి పోయి, రాకపోతే ఎట్లా అని అడిగాను.

"ఏం ఫికర్ లేదన్నా. రానోళ్లకు రాసిచ్చిన కాయితం ఉన్నది గద, అదే లెక్క. అభ్యంతరం ఉన్నట్టే. వచ్చి నోటితోని చెప్తె మాత్రం, చెప్పిందే ఫైనల్" అన్నాడు అతను. ఇంత కన్నా తేటగా ఎవరూ చెప్పలేరు. చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది.

నాకు అర్థం కాలేదు. కాయితం ఏం మాట్లాడుతుంది అనుకున్నాను. నెలరోజులు చలిలో కూర్చున్నది కాయితమా? మా చిన్నమ్మ వచ్చి, ఆ ఆఫీసరు కళ్లలోకి చూసి ఇయ్య అని చెప్పాలి. గేటు బయట ఉన్నవాళ్లు వినాలి. శనివారం వచ్చిన గుంపులకు ఆ సంగతి తెలియాలి. నా చెంప మీద పడ్డ దెబ్బ కూడా ఇంకా మంటగానే ఉంది, అబద్ధమెందుకు.

స్కూటర్ స్టార్ట్ చేస్తుంటే, నాతో బడికి వచ్చిన అరుణజ్యోతి అడ్డం వచ్చింది. "ఆమెను ఇయ్యాల ఇడిసిపెట్టు. కాయితం సాలంటున్నడు గద ఆ మనిషి" అంది.

"నీకు తెల్వదు, జరుగు" అన్నాను.

చిన్నమ్మ చేనులో ఉంది. ఒంగి పూలు తెంపుతోంది. గంపలు రెండు నిండి ఉన్నాయి. మార్కెట్ వేళ ఎప్పుడో దాటిపోయింది, ఎవరికోసం అని అడిగితే, సగం గుడికి, సగం సాబన్నను అడిగి దర్గాకు పంపుతానంది.

"చిన్నమ్మా, సారొచ్చిండు. నిన్ను అడుగుతడట. ఒక్క మాట చెప్పు. ఒక్కటే మాట. నెల దినాలు గిందుకే గద కూసున్నది."

ఆమె చేతిలోని పూలు గంపలో వేసింది. "నేను రావాల్నారా?" అంది.

"రావాలె."

"నువ్వు రమ్మంటె వస్త" అంది. కాలువలో కాళ్లూ చేతులూ కడుక్కుని స్కూటర్ వెనక కూర్చుంది. దారి పొడుగునా నా భుజం పట్టుకునే ఉంది, ఒక్క మాట మాట్లాడలేదు. లోపల మాటను కూడగట్టుకుంటోంది అనుకున్నాను. సగం గెలిచామనిపించింది నాకు. గేటు దగ్గర జనం ఆమెను చూడగానే దారి ఇచ్చారు, ఆమె వెనకే లోపలికి వచ్చి కిటికీల దగ్గర నిలబడ్డారు.

ఆఫీసరు లేచి నిలబడి కుర్చీ చూపించాడు. "కూర్చోండమ్మా."

"కూసోను సారూ. కూసున్నకాడికి సాలు" అంది.

ఆయనకు అర్థం కాలేదు. కాగితం చూసి, పేరు చదివి, ఎకరం ఇరవై గుంటలు అని చదివి, మెల్లగా అడిగాడు. "భయపడకుండా చెప్పండమ్మా. ఈ భూమి ఇవ్వడానికి మీకేమైనా అభ్యంతరం ఉందా?"

"లేదు సారూ" అంది చిన్నమ్మ.

ఆఫీసరు సరిగా వినలేదేమో అనుకున్నట్టు కాగితం వంక చూశాడు. "ఇందులో అభ్యంతరం ఉందని వేలిముద్ర వేశారు కదమ్మా. మిమ్మల్ని ఎవరైనా బెదిరించారా?"

"ఎవ్వలు బెదిరియ్యలే సారూ. తప్పు చేసిన. తీసుకోండ్రి. నా తప్పుకు అది సరిపోతదో లేదో" అని చేతులు జోడించింది.

నేను బల్ల దగ్గరికి దూకాను. "రాసుకోకండ్రి సార్. ఆమె మూడు దినాల సంది అన్నం తినలే. ఆమె మనసు మంచిగ లేదు. రాసిచ్చిన కాయితమే లెక్క అని మీ మనిషే చెప్పిండు."

"వచ్చి చెప్తె చెప్పిందే ఫైనల్ అని గుడ చెప్పిన గద అన్నా" అన్నాడు గుమాస్తా. అతని మొహంలో నా మీద జాలి కనిపించింది.

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "మీరెవరు?"

"ఆమె అక్క కొడుకును."

"ఈ నూట ఇరవై ఎకరాల్లో మీకు భూమి ఉందా?"

"లేదు సార్."

"అయితే దయచేసి బయట ఉండండి." ఆయన ఇంకోసారి చిన్నమ్మను అడిగాడు, మూడోసారి. తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆమె మూడోసారీ అదే చెప్పింది. గుమాస్తా ఆమె బొటనవేలును సిరాలో అద్ది, కాగితం మీద ఒత్తించాడు.

కిటికీల దగ్గర ఉన్నవాళ్లు ముందు గొణుక్కున్నారు, తర్వాత ఒకరొకరుగా లోపలికి పోయారు. అంతమ్మే ఇచ్చినంక మనదేముంది అని బీరమ్మ అనడం నా చెవులారా విన్నాను. హన్మంతు పోయాడు, ఎల్లేశ్ పోయాడు. మధ్యాహ్నానికి ముప్ఫై రెండు వేలిముద్రలు పడ్డాయి. రాని తొమ్మిది కుటుంబాల కాగితాలు మాత్రం రాసిచ్చినట్టే నిలిచాయి. అందులో మదార్ సాబ్‌ది ఒకటి. తొమ్మిది కాగితాలు పార్కును ఆపవని తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఆ తొమ్మిదికి తోడు చిన్నమ్మ కాగితం పదోది అయి ఉండేది. పది కాగితాలూ ఆపేవి కావేమో, నాకు తెలియదు. ఆమె వేలిముద్ర చూసి మిగతావాళ్లు వేశారని మాత్రం తెలుసు. ఆమెను స్కూటర్ మీద ఎక్కించుకుని తెచ్చి నిలబెట్టింది నేనని కూడా తెలుసు. బాల్‌రాజ్ నెల్లాళ్లు తిరిగినా చేయలేని పని నేను అరగంటలో చేసిపెట్టాను.

బడి బయట చిన్నమ్మ వేప చెట్టు నీడన నిలబడి ఉంది. మొహం తేటపడింది. నన్ను చూసి, "ఆకలైతున్నదిరా పరమేషూ" అంది.

మా ఇంటికి తీసుకుపోయాను. అరుణజ్యోతి కంచం పెట్టింది. వంకాయ కూర, చారు. మూడు రోజుల తర్వాత చిన్నమ్మ నెమ్మదిగా, ఇష్టంగా తింది. రెండోసారి అన్నం పెట్టించుకుంది. నా కంచంలో కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది. అరుణజ్యోతి వడ్డిస్తూ కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే, "ఎందుకేడుస్తున్నవే, కూర మంచిగున్నది" అంది చిన్నమ్మ.

చేయి కడుక్కుని వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. వక్క నోట్లో వేసుకుని నా వైపు చూసింది.

"ఇగ ఆ చేన్ల నేను కాలు పెట్ట. రేపటి సంది ఎవరి కాడ కూలి దొరుకుతదో జర అడిగి పెట్టురా" అంది.